రాజుతో కాదన్న మంత్రి: తూరిన్‌లో ఐదు రోజులు

మొదటి రోజు

తూరిన్ స్టేషన్‌లో దిగేసరికి సన్నగా వాన పడుతోంది. మా మేనకోడలు గొడుగు పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి ఉంది. ఇక్కడి పాలిటెక్నిక్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ యూనివర్సిటీలో మనవాళ్ళు చాలామందే ఉన్నారట. "మావయ్యా, అందరూ రోమ్, వెనిస్ అంటారు, మీరేంటి తూరిన్ చాలన్నారు?" అని దారిపొడుగునా అడుగుతూనే ఉంది.

నాకు కవూర్‌ను చూడాలని ఉండేది. మన పాఠ్యపుస్తకాల్లో ఇటలీ ఏకీకరణ పాఠంలో ముగ్గురు వస్తారు. మాజినీ, గారిబాల్డీ, కవూర్. మొదటి ఇద్దరి పేర్లూ మన స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఉపన్యాసాల్లో తరచూ వినపడేవి. కవూర్ మాత్రం పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగానే మిగిలిపోయాడు. ముప్ఫై ఏళ్ళు ఆ పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆయనకు అన్యాయం చేస్తున్నానేమో అనిపించేది. గుర్రమెక్కలేదు, కత్తి పట్టలేదు, జైలుకెళ్ళలేదు. రాజు పక్కన కూర్చుని సలహా చెప్పిన జమీందారీ బిడ్డ. అలాంటి మనిషి ఒక దేశాన్ని ఎలా కట్టాడన్నది ఆ ఐదు మార్కుల్లో పట్టదు.

సామాను ఇంట్లో పడేసి నేరుగా కవూర్ వీధికి వెళ్ళాం. ఎనిమిదో నంబరు ఇల్లు. బయటి నుంచి చూస్తే పాతకాలపు పెద్ద భవనం, గంభీరంగా ఉంటుంది, ఆర్భాటం లేదు. ఎగ్జిబిషన్లు జరిగేటప్పుడే లోపలికి పంపుతారు. మేం వెళ్ళిన రోజు తలుపులు మూసి ఉన్నాయి. ఆయన పుట్టిందీ పోయిందీ ఈ ఇంట్లోనే. గోడ మీద రాతిపలక కింద నిలబడి చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాను.

1810 ఆగస్టు 10న పుట్టాడు. అప్పుడు తూరిన్ నెపోలియన్ చేతిలో ఉంది. నెపోలియన్ చెల్లెలు పౌలీనా, ఆమె భర్త కమిల్లో బోర్గేసే ఈ పిల్లవాడికి జ్ఞానస్నానపు తల్లిదండ్రులు. అందుకే కమిల్లో అని పేరు. తండ్రి మికేలే బెన్సో మార్క్విస్ అనే బిరుదున్న ప్రభువు, తర్వాత తూరిన్ నగర పోలీసు వ్యవహారాలు చూసిన అధికారి. తల్లి అడేల్ జెనీవా నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబపు ఆడపడుచు. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి. చివరిదాకా ఆయనకు ఇటాలియన్ కన్నా ఫ్రెంచే బాగా వచ్చు.

ఆయన రెండో కొడుకు. ఆస్తీ బిరుదూ పెద్దవాడు గుస్తావోకి, రెండోవాడికి సైన్యం. ఆ ఇళ్ళ పద్ధతి అది. పదేళ్ళకే మిలటరీ అకాడమీలో వేశారు. తర్వాత యువరాజు కార్లో అల్బెర్తో దగ్గర పేజ్‌గా పెట్టారు. రాజభవనంలో రాజకుటుంబం వెనక నిలబడే కుర్రాడన్నమాట. అది గొప్ప గౌరవం, తల్లిదండ్రులు మురిసిపోయారు. పిల్లవాడికి మాత్రం ఆ ఉడుపులు నౌకర్లు వేసుకునే బట్టల్లా అనిపించాయి. ఆ అయిష్టం దాచుకోలేదు కూడా. 1826లో ఆ కొలువు పోయింది. సంతోషించాడు. యువరాజు మనసులో మాత్రం ఆ సంగతి ఉండిపోయింది.

కవూర్‌ను అర్థం చేసుకోవడానికి నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. పదహారేళ్ళు నిండకముందే రాజు ఇంటి ఉడుపులు వద్దన్నవాడు, తర్వాత అదే రాజు ఇంటిని ఇటలీ సింహాసనం మీద కూర్చోబెట్టాడు.

రెండో రోజు

పొద్దున్నే కరిన్యానో చౌకుకి వెళ్ళాం. ఎర్ర ఇటుకతో కట్టిన భవనం ముఖమంతా అలలా వంపు తిరిగి ఉంటుంది. గ్వారినో గ్వారినీ అనే వాస్తుశిల్పి 1679లో మొదలుపెట్టిన కట్టడం. కార్లో అల్బెర్తో, ఆయన కొడుకు విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఇక్కడే పుట్టారు. ఇప్పుడు ఇటలీ ఏకీకరణ మ్యూజియం ఇందులో ఉంది. లోపల పీడ్‌మాంట్ (తూరిన్ రాజధానిగా ఉన్న అప్పటి రాజ్యం) పార్లమెంటు సభ కూర్చున్న హాలును ఉన్నదున్నట్టు కాపాడారు. 1848లో అప్పటికి రాజైన కార్లో అల్బెర్తో ఇచ్చిన రాజ్యాంగం కింద మొదలైన సభ అది. అర్ధచంద్రాకారంలో బెంచీలు, మధ్యలో కవూర్ కూర్చున్న చోటు. హాలు చిన్నది, మా జిల్లా పరిషత్ మీటింగు హాలంత ఉంటుందేమో. ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్ళు ఇరవై ఏళ్ళలోపే యూరప్ మ్యాపు మార్చారంటే నమ్మడం కష్టం.

1850లో వ్యవసాయ, వాణిజ్య మంత్రి, మరుసటి ఏడు ఆర్థిక మంత్రి, 1852 నవంబరు 4న ప్రధానమంత్రి. ఈ వరుస చదివితే మెట్లెక్కినంత సులువుగా ఉంటుంది. ఆయనకు ముందు ప్రధానిగా ఉన్న మాస్సిమో ద'అజేలియో కూడా మార్క్విసే, తండ్రి తర్వాత రాజైన విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కి ఇష్టుడే. ఆయన్ని దాటడానికి కవూర్ చేసిన పని ప్రతిపక్షంలోని రతాజ్జీతో చేతులు కలపడం. రాజుకి చెప్పలేదు, ప్రధానికీ చెప్పలేదు. ఆ పొత్తుకి జనం పెట్టిన పేరు 'కొన్నూబియో', అంటే పెళ్ళి. పద్ధతిగా చేసిన పని అని నేనూ అనను. కానీ ఆనాటి నుంచి మంత్రి బలం రాజు చిరునవ్వులో కాక సభలో ఓట్ల లెక్కలో ఉండటం మొదలైంది.

చౌకుకి అటువైపే దెల్ కాంబియో అనే రెస్టారెంటు, 1757 నాటిది. కవూర్ రోజూ భోంచేసిన చోటు. ఆయన బల్ల దగ్గర కూర్చుంటే కిటికీలోంచి పార్లమెంటు తలుపు కనిపిస్తుంది. 1859 ఏప్రిల్‌లో, లొంబార్డీ, వెనిస్‌లను ఏలుతున్న ఆస్ట్రియా తుది హెచ్చరిక పంపినప్పుడు, యుద్ధం ఖాయమని తెలిసి, "చరిత్ర సృష్టించాం, ఇక భోజనానికి పదండి" అన్నాడని చెబుతారు. ఆ మాట అన్నాడో లేదో గానీ, దానికి నాలుగు రోజుల ముందు జరిగింది మాత్రం తెలుసు. యుద్ధం మానుకోమని ఫ్రాన్స్ నుంచి ఒత్తిడి వచ్చిన రోజు ఆయన గది తలుపులు వేసుకుని కాగితాలు కాల్చేస్తూ కూర్చున్నాడు. ప్రాణం తీసుకుంటాడేమోనని భయపడి స్నేహితుడు కాస్తెల్లీ లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఎప్పుడూ చేతులు రుద్దుకుంటూ నవ్వుతూ కనిపించే మనిషి లోపల అంత టెన్షన్ మోసేవాడు. అక్కడ తినేంత డబ్బు మా దగ్గర లేదు. కిటికీ ముందు నిలబడి ఫోటో తీసుకుని వచ్చేశాం.

మధ్యాహ్నం కోన్సొలాతా గుడికి. దీని ఎదురుగా అల్ బిచెరిన్ అనే కాఫీ కొట్టు, 1763 నుంచీ ఉంది. గాజు గ్లాసులో అడుగున వేడి చాక్లెట్, మీద కాఫీ, ఆ పైన చల్లటి మీగడ. కలపకుండా తాగాలి. రాజకుటుంబం గుడిలో పూజలు చేసుకుంటుంటే కవూర్ ఈ కొట్టులో గడియారం కింద బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూసేవాడట. ఆ బల్ల ఇప్పటికీ చూపిస్తారు. అక్కడున్న ఆవిడ మమ్మల్ని అందులో కూర్చోనిచ్చింది.

గ్లాసు ఖాళీ అయ్యాక గుడిలోకి వెళ్ళాం. ఒక పక్క మందిరంలో ఇద్దరు స్త్రీల పాలరాతి విగ్రహాలు, మోకాళ్ళ మీద వంగి ప్రార్థిస్తూ. చెక్కింది విన్సెంజో వేలా. ఒకరు విక్టర్ ఇమ్మాన్యుయేల్ తల్లి మరియా తెరేజా, ఇంకొకరు ఆయన భార్య మరియా అడెలాయిడే. అత్తాకోడళ్ళు. ఈ ఇద్దరి కథ తెలిస్తే కవూర్ ఎలాంటి సలహాదారో తెలుస్తుంది.

1855 జనవరిలో కవూర్ పార్లమెంటులో ఒక బిల్లు నడిపిస్తున్నాడు. చదువు చెప్పని, రోగులకు సేవ చెయ్యని, ప్రబోధాలు చెయ్యని మఠాలను రద్దుచేసే బిల్లు. సరిగ్గా అప్పుడే జనవరి 12న రాజు తల్లి పోయింది. 20న భార్య పోయింది, కాన్పయి పన్నెండు రోజులే. ఫిబ్రవరిలో తమ్ముడు పోయాడు. నెల తిరక్కుండా మూడు చావులు. దేవుడి శిక్ష అని ఊరంతా గుసగుసలు. మన ఊళ్ళలో డాన్ బాస్కో పేరుతో బళ్ళు ఉన్నాయి కదా, ఆ డాన్ బాస్కో అప్పుడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు. రాజభవనంలో పెద్ద పెద్ద అంత్యక్రియలు జరుగుతాయని తనకు కల వచ్చిందని రాజుకి ముందే కబురు పంపాడు.

ముప్ఫై నాలుగేళ్ళ రాజు పరిస్థితి ఊహించుకోండి. బిషప్పులు ఒక రాజీ తెచ్చారు. బిల్లు ఆపితే దానివల్ల ప్రభుత్వానికి వచ్చే డబ్బు చర్చే కడుతుందన్నారు. రాజు ఒప్పుకుందామన్నాడు. కవూర్ రాజీనామా ఇచ్చేశాడు. సభ నడుపుతున్న బిల్లును రాజు వెనక దారిన ఆపితే ఇక సభ ఎందుకన్నది ఆయన వాదన. వారం తిరిగేలోగా ఇంకో మంత్రివర్గం కుదరక రాజు మళ్ళీ ఆయన్నే పిలిచాడు. మే నెలాఖరుకి ఆ బిల్లు చట్టమైంది.

ఆ విగ్రహాల ముందు నిలబడితే రాజు మీద జాలేసింది. అయినా నేను కవూర్ పక్షమే. మన దగ్గర మంత్రి అంటే ముందు తిమ్మరుసు గుర్తొస్తాడు. రాయలు ఆయన్ని అప్పాజీ అన్నాడు, చివరికి కళ్ళు తీయించాడని కథ. రాజు ప్రేమ మీద నిలబడ్డ మంత్రికి ఆ ప్రేమ పోతే ఏమీ ఉండదు. విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కి కవూర్ అంటే ప్రేమ ఎప్పుడూ లేదు. భార్య పోయాక రాజు ఒక సైనికుడి కూతురు రోజాని పెళ్ళాడతానంటే కూడా కవూర్ అడ్డుపడ్డాడు, దాన్ని రాజు మర్చిపోలేదు. ప్రేమ లేకుండానే తొమ్మిదేళ్ళు కలిసి పనిచేశారు.

మూడో రోజు

ఈ రోజు కోసమే నేను మే నెలలో వచ్చాను. మేనకోడలి స్నేహితుడు కారు తెచ్చాడు. ముందు కివాసో. పో నది మీద పెద్ద ఇటుక కట్టడం, కింద తూములు. ఇక్కడి నుంచి కవూర్ కాలువ మొదలై సుమారు 85 కిలోమీటర్లు వెళ్ళి తిచినో నదిలో కలుస్తుంది. కవూర్ పోయాక 1863లో తవ్వడం మొదలుపెట్టి మూడేళ్ళలో పూర్తి చేశారు.

మాది గోదావరి కాలువ గట్టు మీది ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీ తన ఇంజినీరు ఒకణ్ణి ఈ పీడ్‌మాంట్ కాలువలు చూసి రమ్మని పంపింది. తూము దగ్గర నీళ్ళ హోరు వింటుంటే ఇంటి దగ్గర ఉన్నట్టే ఉంది.

అక్కడి నుంచి తూర్పుకి వెళ్తే రోడ్డుకి రెండు వైపులా నీళ్ళు. గళ్ళు గళ్ళుగా మడులు, గట్లు, నీళ్ళలో ఆకాశం, వెనక దూరంగా ఆల్ప్స్ మంచుకొండలు. కొంగలు కూడా ఉన్నాయి! గళ్ళ సముద్రం అంటారట ఇక్కడివాళ్ళు. ఇప్పుడు నారు పోసి నాట్లు వెయ్యడం లేదు, విత్తనం నేరుగా చల్లేస్తారు. ఒకప్పుడు మాత్రం వేలమంది ఆడవాళ్ళు ఊళ్ళ నుంచి వలస వచ్చి మోకాలి లోతు నీళ్ళలో వంగి కలుపు తీసేవారు. వాళ్ళని మొందీనే అంటారు. ఆ మాట వినగానే మా నాన్నమ్మ నడుం నొప్పి గుర్తొచ్చింది.

లేరీ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ లేరు. చర్చి, కొన్ని ఇళ్ళు, గడ్డి మొలిచిన వీధి. 1822లో కవూర్ తండ్రి కొన్న ఎస్టేటు ఇది. 1835 నుంచి కొడుకు చూసుకున్నాడు. అప్పటికి ఆయన సైన్యం వదిలేసి ఖాళీగా ఉన్నాడు. స్టాక్ మార్కెట్‌లో పెద్ద మొత్తం పోగొట్టుకుంటే తండ్రి తీర్చాడు. అలాంటివాడు ఈ బురదలో మనిషయ్యాడు. తెల్లారకముందే లేచి మడుల మీదికి వెళ్ళేవాడు. పెరూ నుంచి వచ్చే గ్వానో ఎరువు తెప్పించాడు, కొత్త యంత్రాలు పెట్టాడు, లెక్కలు తానే రాసుకున్నాడు. ఇంగ్లండు వెళ్ళి రైళ్ళూ ఫ్యాక్టరీలూ చూసి వచ్చాడు. మంత్రి అయ్యాక తూరిన్ నుంచి జెనోవాకి రైలు, ఆల్ప్స్ కింద ఫ్రెజూస్ సొరంగం, సుంకాల తగ్గింపు, ఇవన్నీ ఒక రైతు ఆలోచనలే. పంట పండితే చాలదు, బయటికి వెళ్ళే దారి కావాలి.

1859 జూలైలో రాజుతో గొడవపడి రాజీనామా ఇచ్చాక వచ్చింది కూడా ఇక్కడికే. ఆస్ట్రియా మీద యుద్ధం గెలుస్తుండగా ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ విల్లాఫ్రాంకాలో మధ్యలోనే సంధి చేసుకున్నాడు. లొంబార్డీ దక్కింది, వెనిస్ దక్కలేదు. ఆ రాత్రి మొంజంబానోలో రాజు బసలో కవూర్ అరిచిన అరుపుల గురించి అందరూ రాశారు. సంతకం పెట్టొద్దన్నాడు, అసలైన రాజు తనేనన్నంత మాటా అన్నాడు. రాజు చుట్ట కాలుస్తూ విన్నాడు. పెట్టాల్సిన సంతకం పెట్టేశాడు. ఈ ఒక్కసారి రాజుదే సరైన నిర్ణయం అని నాకనిపిస్తుంది, ఒంటరిగా పోరాడితే ఉన్నదీ పోయేది. 1860 జనవరిలో రాజు అయిష్టంగానే మళ్ళీ పిలిచాడు.

మూసిన ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. దోమలు మొదలయ్యాయి, లేచి వచ్చేశాం.

నాలుగో రోజు

గ్రిన్‌జానే. ఆల్బా దగ్గర ద్రాక్షతోటల మధ్య కొండ మీద కోట. ఇరవై రెండేళ్ళకే ఈ ఊరికి మేయరుగా వచ్చి 1849 దాకా ఉన్నాడు. 1916లో ఊరి పేరు పక్కన కవూర్ చేర్చారు. 2014లో ఈ ద్రాక్షకొండలు ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళాయి. కోటలో పెద్ద హాలు పైకప్పుకి 157 బొమ్మల పలకలు ఉన్నాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. అందమైన చోటు, కానీ నా మనసు లేరీలోనే ఉంది. సాయంత్రానికి తిరిగొచ్చేశాం.

ఐదో రోజు

ఆఖరి రోజు శాంతేనా. దారిలో మొంకాలియేరీ దగ్గర దిగాం, కొండ మీది రాజకోట బయటి నుంచి చూడటానికి. కవూర్ విషయంలో నన్ను బాధపెట్టే సంగతి ఈ కోటలో ఉంది.

1858 జూలైలో ఆయన జ్యుసెప్పే బెన్సో అనే పేరుతో పాస్‌పోర్టు తీసుకుని ఫ్రాన్స్‌లోని ప్లోంబియేర్ వెళ్ళాడు. మూడో నెపోలియన్ తన గుర్రబ్బండి తానే తోలుతూ ఆయన్ని అడవిలో తిప్పాడు. ఆ బండిలో బేరం కుదిరింది. ఫ్రాన్స్ సైన్యం ఇస్తుంది, బదులుగా పీడ్‌మాంట్ చేతిలో ఉన్న సవోయ్, నీస్ కావాలి. ఇంకొకటి, రాజుగారి పెద్దమ్మాయి క్లోతిల్డే చక్రవర్తి పినతండ్రి కొడుక్కి కావాలి. ఆ అమ్మాయికి పదిహేనేళ్ళు, పెళ్ళికొడుక్కి ముప్ఫై ఆరు. కూతురి ఇష్టం లేకుండా చెయ్యనని రాజు అన్నాడు. ఒప్పుకోమని రాజుకి పొడవాటి ఉత్తరం రాసింది కవూర్. అమ్మాయి చివరికి సరేనంది. 1859 జనవరి 30న పెళ్ళయింది. ఆమె జీవితం చివరి భాగం ఈ కోటలో ప్రార్థనల్లో గడిచింది, 1911లో ఇక్కడే పోయింది. తండ్రిగా రాజు తటపటాయిస్తే నచ్చజెప్పిన మంత్రిని నేను ఎలా సమర్థించను? రాజుతో కాదనే ధైర్యం ఉన్నవాడు ఆ చక్రవర్తితో ఈ ఒక్క ముక్క కాదనాల్సింది.

మేనకోడలు కోట గోడ వంకే చూస్తోంది. "పదిహేనంటే టెన్త్ క్లాసు మావయ్యా" అంది. ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు.

శాంతేనా చిన్న ఊరు. ఆస్పరాగస్‌కి పేరు, ఈ సీజన్‌లో కట్టలు కట్టలుగా అమ్ముతున్నారు. కవూర్ కుటుంబపు కోట, చుట్టూ పెద్ద చెట్ల తోట. లోపల గదులు, ఫర్నిచరు, కాగితాలు చూపించారు. ఆఖరి రోజుల కథ కూడా ఇక్కడే చెప్పారు.

1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ప్రకటించారు. ఆ నెలాఖర్లో, రోమ్ లేకుండా ఇటలీ లేదని, స్వేచ్ఛ ఉన్న రాజ్యంలో స్వేచ్ఛ ఉన్న చర్చి అని సభలో చెప్పాడు. రోమ్‌కి గానీ నేపుల్స్‌కి గానీ ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు. ఏప్రిల్ 18న గారిబాల్డీ ఎర్రచొక్కాతో సభకి వచ్చాడు. తన పుట్టిన ఊరు నీస్‌ను ఫ్రాన్స్‌కి ఇచ్చి తనని సొంత దేశంలో పరాయివాణ్ణి చేశాడని, అన్నదమ్ముల మధ్య యుద్ధం తెచ్చేవాడని అందరి ముందూ తిట్టాడు. కవూర్ ఆ రోజు తట్టుకున్నాడు గానీ మునుపటి మనిషి కాలేదంటారు.

మే నెలాఖర్లో జ్వరం. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. మలేరియా అయి ఉంటుందని చాలామంది చరిత్రకారుల మాట, లేరీ వరి మడుల్లో సోకిందే. డాక్టర్లు ఆనాటి పద్ధతిలో పదే పదే రక్తం తీశారు. నిన్నమొన్న ఆ మెట్ల మీద నా చేతిని కుట్టిన దోమ గుర్తొచ్చింది. తాను ప్రాణం పెట్టిన నేలే ప్రాణం తీసింది.

చర్చి ఆయన మీద కోపంగా ఉంది. చివరి సంస్కారాలు అందవేమోనని ముందే జాకోమో అనే సన్యాసితో మాట్లాడి పెట్టుకున్నాడు. ఆయన వచ్చి చేశాడు, అందుకు తర్వాత పోప్ నుంచి శిక్ష కూడా అనుభవించాడు. జూన్ 5 సాయంత్రం ఇంటి ముందు జనం కిక్కిరిసి ఉంటే రాజు వెనక మెట్ల మీదుగా పైకి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. మరునాడు పొద్దున్నే కవూర్ పోయాడు. యాభై ఏళ్ళు.

రాజు ఆయన్ని సూపర్గా కొండ మీద పెడదామన్నాడు. అది రాజవంశపు సమాధుల బసిలికా, కార్లో అల్బెర్తో అక్కడే ఉన్నాడు. అంతకన్నా పెద్ద గౌరవం ఆ రాజ్యంలో లేదు. కవూర్ మాత్రం ముందే చెప్పిపెట్టాడు, శాంతేనాలో అగుస్తో పక్కన అని. అగుస్తో గుస్తావో కొడుకు. 1848లో గోయితో యుద్ధంలో ఇరవై ఏళ్ళకే పోయాడు. వాడి రక్తపు మరకల యూనిఫారం బాబాయి తన గదిలోనే పెట్టుకుని బతికాడు.

సమాధి గదిలోకి నాలుగు మెట్లు దిగాలి. బంగారం లేదు, విగ్రహాలు లేవు. తక్కువ ఎత్తు కప్పు, చల్లటి గోడలు, గోడల్లో కుటుంబం వాళ్ళ పేర్లు. ఆయన పేరు, దగ్గర్లోనే ఆ కుర్రవాడి పేరు. తోటలో కోసిన రెండు తెల్లపూలు మేనకోడలు మెట్టు మీద పెట్టింది.

బస్సు మలుపు తిరిగినప్పుడు దూరంగా కొండ మీద సూపర్గా గోపురం కనిపించింది. "అక్కడికి వెళ్దామా, ఇంకా టైముంది" అంది. వద్దన్నాను. ఒళ్ళో ఆస్పరాగస్ కట్ట పెట్టుకుని ఇంటికి వచ్చేశాం.